నాలుగు గీతలు, అడ్డగీత

సకల జనుల సమ్మె ముగిసి నాలుగు నెలలైంది. ఎల్బీనగర్ నుంచి నగరంలోకి వెళ్తున్న కారు కొత్తపేటలో ఆగిపోయింది. వెనక సీట్లో ఒడిలో ఫైలుతో ఇంజినీరు పట్టాభి. స్టీరింగ్ దగ్గర సైదులు. అతనికి తొందరేమీ లేదు.

"హారన్ కొట్టవయ్యా సైదులూ. నాలుగింటికి కమిటీ ముందుండాలి."

"కొడితే ఎటు పోతది సార్? ముందట జాగేది?"

"అరగంట నుంచీ ఇక్కడే ఉన్నాం."

"పన్నెండు నిమిషాలే. చూస్తనే ఉన్న."

"నీకు అన్నీ లెక్కే. అందుకేగా డ్రైవర్‌గా వచ్చినవాణ్ణి చౌరస్తాలో కూర్చోబెట్టి బండ్లు లెక్కపెట్టించింది."

"నాలుగు నిలువుగీతలు, ఐదో బండికి అడ్డగీత. మీరు నేర్పిందే."

"ఎల్బీనగర్‌లో కట్టబోయే ఈ మాల్‌కి మన ట్రాఫిక్ రిపోర్టు మీద అనుమతి వచ్చిందా, మా అబ్బాయి గౌతమ్‌కి ఆఫీసు అప్పజెప్పి కాస్త ఊపిరి తీసుకుంటా. రాలేదా, ఆఫీసుకి తాళమే."

"ఎందుకు రాదు సార్? ఎల్బీనగర్ చౌరస్తాల బండ్లు తక్కువనే అని రాసిన్రు గద."

"నేను రాయడమేంటి? నీ కాగితాలే చెప్పాయి."

"నా కాయితాలు సమ్మెల రాసినయి. అప్పుడు రోడ్డు మీద ఏమున్నయి సార్? కుక్కలు పండుకున్నయి."

"నెమ్మదిగా. అద్దం దించి ఉంది. సమ్మెలో లెక్కపెట్టామంటే కమిటీ ఒప్పుకోదనేగా సమ్మెకి ముందటి ఆగస్టు తారీఖులు వేసింది."

"నన్ను ఏయమన్నరు. నేను ఏయనన్న."

"అవునవును. తప్పుడు రాత రాయనని యాదగిరిగుట్ట స్వామికి మొక్కావాయె. పావుగంటకొకటి, నలభై ఎనిమిది కాగితాలు. అన్నింటి మీదా నేనే తారీఖు వేసి, నేనే సంతకం పెట్టా. చెయ్యి పడిపోయిందనుకో."

"అన్ని చదివిన్రా సార్?"

"చదవడమెందుకు? కింద మొత్తం చూసుకుని గౌతమ్‌కి ఇచ్చేశా. ఏంటయ్యా, అటు చూస్తున్నావు?"

"గీ చీరల దుకాణం. మూడంతస్తులు. దీనితోని ట్రాఫిక్‌కు ఇబ్బంది లేదని రాసింది గూడ మీరే కద?"

"నీకెవరు చెప్పారు?"

"సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన. మీ సంతకమున్న రిపోర్టే పంపిన్రు."

"ఎప్పుడు?"

"మీ తాన పనికి రాకముందు."

"రాకముందా? నీకెందుకయ్యా అది?"

"మా రాములమ్మకు గుండెల నొప్పొస్తే ఆటోల ఏసుకొని దవాఖానకు బయలెల్లిన. శ్రావణ శుక్రవారం. దుకాణానికి వచ్చిన కార్లన్ని రోడ్డు మీదనే. గీ గేటు ముందల్నే నలభై నిమిషాలు. దవాఖాన బోర్డు కనవడుతనే ఉండె. ఇంకెంత దూరమయ్యా అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలే."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"పెండ్లామేది అని అడిగిన్రు. సచ్చిపోయింది అన్న. ఎట్ల అని అడగలే."

"అందుకని... నేను ఆంధ్రావాణ్ణనా ఈ కక్ష?"

"ఆ లొల్లి వేరే సార్. అండ్ల నేను జెండ పట్టిన, నిజమే. ఇది నా ఇంటి సంగతి. మీది ఏ ఊరైతే ఏంది? మా బిడ్డ స్వప్నకు కాలేజీల సీటు ఇప్పిచ్చిన్రు. మీ ఇంట్ల శేషారత్నమ్మ చేతి అన్నం తిన్న. అందుకే రోజు దీపం పెట్టినప్పుడు సామిని అడుగుతున్న, చేసింది తప్పా అని. సామి ఇంక ఏం చెప్పలే."

"ఏం చేశావు?"

"ఏం చెయ్యలే. చూసింది చూసినట్ల రాసిన. జర ఎనకకు చూడున్రి, ఏమున్నది?"

"బస్సు. హయత్‌నగర్‌ది."

"పక్కన?"

"అదీ బస్సే. ఏంటయ్యా ఈ ఆట?"

"ముందల?"

"రెండు బస్సులు. సైదులూ..."

"సమ్మెల ఆర్టీసోళ్లు గూడ దిగిన్రు కద సార్. ఫైలు తెరువున్రి. బస్సులు రాసే గడి, ఎడమ దిక్కుకెల్లి మూడోది."

"సున్నా. ఇక్కడా సున్నా. ఇదీ... పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క బస్సు కూడా లేదా?"

"ఒక్కటి పోయినా గీత పెడుతుంటి."

"ఆగస్టులో ఎల్బీనగర్‌లో ఒక్క బస్సూ తిరగలేదంటే చిన్నపిల్లాడు కూడా నమ్మడు. కమిటీలో అందరికీ నిన్ననే పంపేశామే ఇవి."

"నేనే తీస్కపోయి ఇచ్చిన సార్, ఒక్కొక్కరికి."

"ఈ చేతిరాత నీది. నువ్వే రాశావని చెబుతా."

"చెప్పున్రి. సున్నాలు నేనే పెట్టిన. తారీకులు మీరేసిన్రు."

"కారు తిప్పు. ఎటైనా సరే, తిప్పు."

"ఎటు తిప్పాలె సార్? కూసోండ్రి. ఇంక ఇరవై నిమిషాలు గూడ కాలే. మా రాములమ్మ నలభై కూసున్నది."