రేపటి ముచ్చట

నారాయణఖేడ్‌లో బడిని కొత్త బంగ్లాలోకి మార్చినా, ఒక పిల్ల మాత్రం రోజూ పాత బడి గదికే పోతోంది. ఎనభై ఐదులో ఆ బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ, రెక్క పట్టుకొని లాక్కొద్దామన్న కోపంతో ఆ గదిలో అడుగుపెట్టింది.

“ఈడ ఒక్కదానివే ఏం చేస్తున్నవే?”

“రిబ్కమ్మ టీచర్ రోజు రేపటి ముచ్చట చెప్తది. అది ఇనకపోతే నాకు గుబులైతది.”

“ఆ టీచర్ ఎండకాలంలనే చనిపోయింది గద, బిడ్డా.”

“నిన్న గూడ చెప్పింది. పచ్చచీర కట్టుకొని ఒకామె వస్తది, కోపంగనే వస్తది గని కొట్టదు అన్నది.”

టీచరమ్మ తన పచ్చచీర కొంగు చూసుకుంది. మెల్లగా పిల్ల పక్కన కూర్చుంది.

“మరి రేపు ఏమైతదన్నది?”

“రేపటి ముచ్చట ఇగ నువ్వే చెప్తవన్నది.”

టీచరమ్మ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“రేపు పొద్దున నేను మీ ఇంటికొస్త. ఇద్దరం ముందుగాల ఈడికొద్దాం. జరసేపు కూసొని, కొత్త బడికి పోదాం. ఆడ కిటికి పక్కన నీ జాగ. సరేనా?”

పిల్ల తలూపి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

“ఈమె చెప్పింది. ఇగ నువ్వు పో, టీచర్.”

కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది.