కౌసీల్ ఎత్తుకెళ్ళిన బాణలి

ట్రినిడాడ్ దక్షిణాన, బారక్‌పోర్. స్తంభాల మీద లేపి కట్టిన ఇంటి కింద, నీడలో, బూద్రాం ఊయలలో ఉన్నాడు. ఎదురుగా బెంచీ మీద కూతురు షాంటీ, అల్లుడు కర్టిస్. ఈస్టర్ దగ్గర పడుతోంది.

"మీ పిన్ని కౌసీల్ మీ అమ్మ బాణలి ఎత్తుకెళ్ళింది. అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. ఇక చెప్పు షాంటీ, టొబాగోలో ఇల్లు ఎన్ని గదులు?"

"మూడు గదులు నాన్నా. సముద్రానికి ఎదురుగా. కానీ పిన్ని సంగతి..."

"సముద్రానికి ఎదురుగా లేని ఇల్లు టొబాగోలో ఉందా?"

"ఉన్నాయి మామయ్యా, కొండ మీద. అక్కణ్ణించి చూసినా సముద్రమే అనుకోండి."

"అంటే లేదన్నమాటేగా కర్టిస్?"

"లేదు మామయ్యా."

"ఈ దీవి చుట్టూ సముద్రమే. దీన్ని వదిలేసి, సముద్రం దాటి, ఇంకో దీవికి పోయి, మళ్ళీ ఆ సముద్రాన్నే చూస్తాం. దీన్ని సెలవులంటారు."

"అంటారు. వీధి వీధంతా పోతోంది నాన్నా. నువ్వొక్కడివే ఇక్కడ బాతులకి కాపలా."

"బాతులు నన్ను ఎక్కడికీ రమ్మనవు."

"ఈసారి వస్తానన్నావు. క్రిస్మస్‌కి అన్నావు, పిల్లల ముందు అన్నావు."

"ఆలోచిస్తానన్నాను. పిల్లలకి తేడా తెలీదు. ఓడెప్పుడు?"

"గురువారం పొద్దున మామయ్యా. టికెట్లు తీసేశాను. మీది కూడా."

"ఆలోచించేవాడికి టికెట్ తీశావా?"

"షాంటీ తియ్యమంది."

"సరే. ఓడ ఎక్కాక నువ్వు నా పక్కన కూర్చోవద్దు. పోయినసారి ఏం చేశావో గుర్తుందా?"

"వాంతి చేసుకున్నాను మామయ్యా."

"దేంట్లో?"

"మీ టోపీలో."

"నేనేం అనలేదు. గుర్తుందా అని అడిగానంతే."

"కడిగిచ్చాడు కదా నాన్నా! ఇంకా ఎన్నాళ్ళు..."

"కడిగాడు. టోపీ తీసి తలకి పెట్టుకోమను, చూద్దాం. తిండి సంగతేమిటి?"

"ఓడ మీదకి పెలావ్ వండుకుని పట్టుకెళ్తాం. గిన్నెకి తువ్వాలు చుట్టేస్తే మధ్యాహ్నం దాకా వేడిగానే ఉంటుంది. మకరోనీ కర్టిస్ వాళ్ళమ్మ చేసిస్తానంది. అక్కడికెళ్ళాక పీతలు కొనుక్కుందాం."

"బాతు కూర?"

"అదే అనుకుంటున్నాం. బాతుల్ని ఇక్కడే కోసి, మసాలా పట్టించి, ఐసు పెట్టెలో..."

"వండేది దేంట్లో?"

"ఏదో ఒక గిన్నెలో."

"ఏదో ఒక గిన్నె అంటే?"

"పెద్ద అల్యూమినియం గిన్నె ఉంది మామయ్యా మా ఇంట్లో. పెళ్ళిలో వచ్చింది."

"అల్యూమినియంలో బాతు కూర కాదు కర్టిస్. బాతు స్నానం చేసి బయటికొస్తుంది. మీ అత్త ఆ ఇనప బాణలిలో వండితే కట్టె తీసేశాక కూడా లోపల కూర తనంతట తానే ఉడుకుతుండేది. వాళ్ళ అమ్మమ్మ వాడిన బాణలి. లోపల అద్దంలా నల్లగా ఉండేది. దాన్ని కౌసీల్..."

"నాన్నా."

"...ఎత్తుకెళ్ళింది. పోయినసారి టొబాగో వెళ్ళేటప్పుడు కారులో ఉంది. వచ్చేటప్పుడు లేదు. మీరు వేరే కారు. మా కారులో ఉన్నది మేం ముగ్గురం. నేను తియ్యలేదు. మీ అమ్మ తన బాణలి తాను దొంగతనం చేసుకోదు. లెక్క చెయ్యి."

"గదుల సంగతి చూద్దామా ముందు?"

"చూడు."

"ఒక గది మా ఇద్దరికీ. ఒకటి పిల్లలకి. ఒకటి నీకు. హాల్లో ఒక సోఫా ఉంది."

"సోఫా ఎవరికి?"

"ఎవరికీ కాదు. ఊరికే. ఉందని చెప్తున్నా."

"ఎవరికీ కాని సోఫా గురించి నాకెందుకు చెప్పడం? కర్టిస్, సోఫా ఎవరికి?"

"నాకు మామయ్యా. నేను గురక పెడతాను."

"మీ గదిలో షాంటీ ఒక్కతే ఉంటుందా అయితే?"

"ఒక్కతే కాదు. అంటే... తోడు ఉంటారు."

"ఎవరు?"

"ఒకరు."

"ఒకరికి పేరుందా?"

"షాంటీ, నువ్వు చెప్పు. నన్ను చెప్పమనకు."

"పిన్ని వస్తోంది నాన్నా."

"నేను రాను."

"నాన్నా, వినవూ..."

"టికెట్ కర్టిస్ వాళ్ళమ్మకివ్వు. మకరోనీ చేస్తోందిగా, తనే పట్టుకెళ్తుంది."

"నువ్వు రాకపోతే పిన్ని కూడా రానంటోంది."

"మంచిది. సోఫా ఖాళీ అవుతుంది."

"అమ్మ పోయింది. అమ్మ తరవాత నాకు మిగిలింది మీరిద్దరు. నా పిల్లలిద్దరికీ పురుడు పోసింది పిన్ని. నా పెద్దాడి చెవులు అచ్చం అమ్మ చెవులని ముందు చెప్పింది పిన్ని. ఆవిడ ఈ గేటు దాటి లోపలికొచ్చి ఎన్నేళ్ళయింది? నువ్వు అమ్మ పదమూడో రోజున, పండితుడు ఇంకా హోమం దగ్గర కూర్చుని ఉండగా, అందరి ముందూ దొంగ అన్నావు ఆవిణ్ణి."

"పండితుడు అడిగాడు, ఇంట్లో అందరూ కులాసాయేనా అని. చెప్పాను."

"ఒక్కసారి మీరిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటే చాలు నాకు. ఇంకేం అడగను. అందుకే ఈ ప్రయాణం. సముద్రం కోసం కాదు."

"సముద్రం కోసమన్నావు ఇందాక."

"అబద్ధం చెప్పాను."

"ఇల్లు ఎవరు కుదిర్చారు?"

"ఇల్లా? ఇల్లు... బావుంటుంది నాన్నా. పక్కనే జాలర్లు వల లాగుతారు, పిల్లలు చూడొచ్చు. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం నీళ్ళలోకి దిగనివ్వంలే. అమ్మ చెప్పేది కదా, ఆ రోజు సముద్రంలో మునిగితే చేపలైపోతారని..."

"ఎవరు కుదిర్చారు?"

"పిన్ని."

"ఏ ఊళ్ళో?"

"కస్టారాలో."

"కస్టారాలో ఏ ఇల్లు?"

"మిస్ ఆల్మా ఇల్లు నాన్నా. పోయినసారి ఉన్నదే."

"దొంగతనం జరిగిన ఇల్లు."

"అవును. అంటే, కాదు!"

"ధైర్యముంది కౌసీల్‌కి. అక్కడికే తీసుకెళ్తోంది మళ్ళీ. ఆ వంటింట్లో పైపు ఇంకా కారుతోందా?"

"ఏం పైపు?"

"ఏదో పైపు. పైపు కారితే తడి. తడైతే తుప్పు. ఇల్లెలా ఉందో అడుగుతున్నాను, తప్పా?"

"పైపు బాగు చేయించారట మామయ్యా. అయినా బాణలికేం కాలేదట, మిస్ ఆల్మానే చెప్పింది ఫోన్లో."

"కర్టిస్!"

"ఏమైంది? నేనేమన్నాను? ఓ. ఓ, అదా."

"ఇలా చెప్పాలనుకోలేదు నాన్నా నేను. తిన్నాక చెబుదామనుకున్నా. నీకు తిన్నాక కోపం కాస్త తక్కువ."

"ఏం చెప్పింది ఆల్మా?"

"బాణలి అక్కడే ఉంది నాన్నా. అప్పట్నుంచీ అక్కడే ఉంది. వంటింటి పై అరలో. ఎవరూ ఎత్తుకెళ్ళలేదు."

"అయితే అక్కడ దాచింది కౌసీల్."

"అమ్మ పెట్టింది. అమ్మే, తన చేత్తో. విను, మధ్యలో మాట్లాడకు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం అమ్మ జోస్యం చూడ్డానికి గ్లాసు నీళ్ళలో గుడ్డు తెల్లసొన వేసింది, గుర్తుందా?"

"మనం హిందువులం. మీ అమ్మ ప్రతి ఏడూ వేసేది."

"సొన పైకి లేచి ఓడలా నిలబడింది. ఓడ వస్తే ప్రయాణం, గుడి వస్తే పెళ్ళి, పెట్టె వస్తే..."

"శవపేటిక అను. వట్టి పెట్టె అంటే కర్టిస్ ఐసు పెట్టె అనుకుంటాడు."

"నాకు తెలుసు మామయ్యా. మా అమ్మమ్మ కూడా వేసేది."

"ఓడ వచ్చింది. అమ్మ పిన్నితో అందట: 'ఓడొచ్చింది కౌసీల్, అంటే వచ్చే ఈస్టర్‌కి మళ్ళీ వస్తాం. ఇంత బరువు మోసుకుపోవడం దేనికి, ఇక్కడే పెట్టేస్తా. ఆయనకి చెప్పకు. నేను రమ్మంటే రాడు, బాతులంటాడు. బాణలి కోసమైతే పరిగెత్తుకుంటూ వస్తాడు.' పిన్ని చేత ఒట్టు వేయించుకుంది. తరవాత వానలు పడ్డాయి. అమ్మ పోయింది."

"గుడ్డుదేం తప్పులేదు. ఓడ అంది. ఎవరెక్కుతారో చెప్పలేదు."

"పిన్ని చెబుదామనే అనుకుంది నాన్నా. పదమూడో రోజు అయ్యాక నిన్ను పక్కకి పిలిచి చెబుదామనుకుంది. నువ్వు పండితుడి ముందే దొంగ అన్నావు. ఇక ఆవిడ పౌరుషం నీకు తెలుసుగా. దొంగ అన్నవాడికి సంజాయిషీ చెప్పనంది. ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది. మొన్న ఇల్లు కుదిర్చాకే నాకు చెప్పింది, అదీ ఏడుస్తూ."

"కౌసీల్‌కి ఏడుపు తేలిక. సినిమా పేర్లు పడేటప్పుడే మొదలెడుతుంది."

"ఒక్కసారైనా నువ్వు మిస్ ఆల్మాకి ఫోన్ చేసి అడిగి ఉంటే! ఇంటావిడ కదా, మా గిన్నె ఏమైనా మర్చిపోయామా అని. ఎవరైనా ముందు అదేగా చేస్తారు?"

"దేనికి అడగాలి? అక్కడుందంటే వెళ్ళి తెచ్చుకోవాలి. పోయిన వస్తువు కోసం ఎవరూ టొబాగో వెళ్ళక్కర్లేదు."

"అదేం మాట నాన్నా?"

"మాటే."

"మామయ్యా, తుప్పు గురించి మీరేం దిగులు పెట్టుకోకండి. మిస్ ఆల్మా ప్రతి ఏడూ నూనె రాసి పెడుతోందట."

"అవును, అది చెప్పనేలేదు! ప్రతి ఈస్టర్ ముందూ కూరగాయల లారీవాడు ఓడ దిగి ఒక రమ్ము సీసా ఇచ్చి పోతాడట ఆవిడకి. నిండా కొబ్బరినూనె. పేరూ లేదు, ఊరూ లేదు. బాణలికి రాయమన్నారని చెప్పి వెళ్ళిపోతాడట. ఎవరు పంపుతారనుకున్నావ్? పిన్ని! నువ్వు దొంగ అంటున్నా సరే, అమ్మ బాణలి పాడవకూడదని. దొంగ చేసే పనేనా అది? చెప్పు."

"కౌసీల్ పంపుతున్నానని చెప్పిందా?"

"అడిగితే తెలీదంది. ఆవిడ అలాగే అంటుంది, చేసింది చెప్పుకోదు."

"కౌసీల్ కాచిన నూనె మాడు వాసన కొడుతుంది."

"నూనె వాసన కాదు నాన్నా ఇప్పుడు! ఆవిడ మనసు..."

"మనసు సంగతి నాకు తెలీదు. నూనె సంగతి చెప్తున్నాను. కొబ్బరి కోరు పాలు తీసి రాత్రంతా ఉంచాలి. కౌసీల్‌కి అంత ఓపిక లేదు, పొయ్యి మీద పెట్టేస్తుంది."

"వస్తావా, రావా? ఒక్క మాట చెప్పు. నువ్వు రాకపోతే పిన్ని రాదు. పిన్ని రాకపోతే నేను వెళ్ళను. వెళ్ళి ఏం చెయ్యను? ఇక మీదట పండగకి ఆవిడ ఇంటికొకసారి, నీ ఇంటికొకసారి, ఇద్దరికీ ఒకరి పేరు ఒకరి దగ్గర ఎత్తకుండా... నావల్ల కాదు నాన్నా. అలిసిపోయాను."

"ఏడవకు."

"ఏడవట్లేదు."

"కర్టిస్, ఇది ఏడుస్తోందా?"

"కొంచెం మామయ్యా."

"కారులో ముందు సీటు నాది."

"నీదే."

"కౌసీల్ వెనకాల. నా వెనక కాదు, కర్టిస్ వెనక."

"అలాగే."

"ఓడలో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంటానంటుంది. కూర్చోనీ. అల్లం ముక్క పట్టుకోమను, లేకపోతే కర్టిస్‌కి తోడవుతుంది."

"చెప్తాను. ఇంకేమైనా చెప్పనా నాన్నా ఆవిడకి?"

"ఏం చెప్పాలి?"

"క్షమించమని."

"దొంగల్ని నేను క్షమించను."

"నిన్ను క్షమించమని!"

"మూడు బాతులు కోస్తాను. కూరలోకి బందానియా ఆకు ఇక్కణ్ణించే తీసుకెళ్ళాలి, అక్కడిది పలచగా ఉంటుంది. కూర కౌసీల్ వండాలి. మీ అమ్మ చేతి మసాలా దానికొక్కదానికే తెలుసు. దొంగైనా ఆ మాట నిజం."

"బాణలి ఆవిడ ఎత్తుకెళ్ళలేదని ఒప్పుకో చాలు. నేను ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. ఒక్క మాట నాన్నా."

"ఫోన్ ఆల్మాకి చెయ్యి."

"మిస్ ఆల్మాకా? ఎందుకు?"

"ఈ ఏడు కూరగాయల లారీలో సీసా రాదని చెప్పు. నూనె నేనే తెస్తున్నాను, చేత్తో."

"నాన్నా?"

"అంటే మామయ్యా, బాణలి అక్కడుందని మీకు మొదట్నుంచీ..."

"కర్టిస్, ఈసారి నీ టోపీ నువ్వు తెచ్చుకో."

"నాన్నా, అమ్మ అక్కడ పెట్టడం నువ్వు చూశావా?"

"బాణలి కౌసీల్ ఎత్తుకెళ్ళింది. ఇదే ఆఖరు. బతికినన్నాళ్ళూ ఈ మాట నేనిక ఎత్తను, నా ముందు మీరూ ఎత్తకండి."