గోడవతలి ఫ్యాను

అక్క బతుకు కుట్టుమిషను మీద, చెల్లెలి బతుకు కంప్యూటరులో పుస్తకాల పేజీలు కట్టడం మీద. పుట్టిన ఇంటికి నడుమ గోడ కట్టించుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు. ఈ పొద్దున అక్క స్క్రూడ్రైవరు, మిషను నూనె సీసా పట్టుకుని, పిలవని పేరంటంగా చెల్లెలి గదిలోకి వచ్చింది.

"తలుపు విరిగిపోయేలా బాదావు. ఇంతకీ ఏం మునిగిపోయింది?"

"ఈ కంప్యూటరు పెట్టె మూత తియ్యి. మాటలు తర్వాత."

"ఇన్నాళ్ళకి గుమ్మం తొక్కి, మూత తియ్యమంటావా?"

"కబుర్లాడ్డానికి రాలేదే. ఈ పెట్టె రొదకి నాకు కంటిమీద కునుకు లేదు. నిన్న ఒకాయన చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాను."

"అది నీకు కొత్తేం కాదుగా."

"వెక్కిరించు. ఆ రొద ఎక్కడిదో ఇవాళ తేలాలి. తేలకపోతే ఈ యంత్రం ఈ గదిలో ఉండటానికి వీల్లేదు."

"ఇంకెక్కడ పెట్టుకోను? నాకున్నది ఈ గదీ, ఆ వంటిల్లూ. పొయ్యి మీద పెట్టుకుని పని చెయ్యనా? దీన్ని ఇక్కణ్ణుంచి తీస్తే నా ముందు కంచం తీసినట్టే."

"అందుకే మూత తియ్యమంటున్నాను."

"సరే, తీశాను. వెతకడం మాత్రం నీ పని. నేను వేలు కూడా పెట్టను."

"నాకు చేతకాదనుకున్నావా? మిషను చప్పుడు విని ఏ మర వదులైందో చెప్పేదాన్ని. అబ్బ, ఏంటే ఈ దుమ్ము? ఎలకలు కాపురం పెట్టేలా ఉన్నాయి."

"పెట్టనీ. పెళ్ళీ పెటాకులూ లేనిదానికి ఇంటి ముందు వాటా ఎందుకన్నావుగా. ఎలకలకైనా పనికొస్తుంది."

"పాతవి తవ్వకు. స్విచ్చి వెయ్యి. అదిగో, విన్నావా? కుయ్యిమంటోంది."

"నాకేం వినబడలేదు."

"చెవులుంటే కదా. కరెంటు తీగ వచ్చే ఆ డబ్బాలోదే, నాకు తెలుసు."

"స్క్రూడ్రైవరు కొన డబ్బాకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకో. లోపలికి పొడవకు."

"నువ్వు నాకు నేర్పుతున్నావా? ఊఁ."

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. ఇది కాదు. మధ్యలో చిన్నది ఆయాసపడుతూ తిరుగుతోందే, అదీ."

"అది ఆగితే యంత్రం వేడెక్కి చస్తుంది. వేలు పెట్టకక్కా, తెగుతుంది."

"రోజూ సూది కింద వేళ్ళు పెట్టేదాన్ని, ఈ ప్లాస్టిక్కు రెక్కకి భయపడతానా?"

"పెన్సిలు తీసుకో. రబ్బరు ఉన్న వైపు ఫ్యాను నడిమధ్య ఆనించు, క్షణం చాలు. ఫ్యానుతోపాటు రొద కూడా ఆగితే దొంగ అదే."

"ఆనించాను. ఆగింది. వదిలేశాను."

"రొద ఆగిందా?"

"నువ్వు వాగుతుంటే ఏం తెలుస్తుంది? ఇదీ కాదులే. వెనక వైపుది చూస్తాను."

"చూడు, చూడు. ఆడలేక మద్దెల ఓడన్నారట."

"ఇదీ కాదే."

"కాదా? పాపం."

"పోనీ ఓ చుక్క నూనె వేస్తే?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను. రోగం లేనిదానికి మందెందుకు?"

"ఎండుపుల్లలా ఉన్నావు, నోరు మాత్రం తగ్గలేదు."

"ఎండక ఏం చేస్తాను? పోయిన వానల్లో జ్వరమొచ్చి లేవలేక పడి ఉన్నాను. ఎదురింటావిడ వచ్చి నోట్లో నీళ్ళు పోసింది. గోడవతల నీ మిషను మాత్రం టకటకా నడుస్తూనే ఉంది."

"నాకు తెలిస్తే కదా."

"ఆవిడ నీకు చెప్పలేదూ?"

"నువ్వు లేచి తిరుగుతున్నాక చెప్పింది."

"అప్పుడైనా వచ్చావా?"

"ఆ లైటు ఇటు పట్టు. ఇంకేం మిగిలింది?"

"ముందు వైపు ఫ్యాను. చెయ్యి పెట్టి చూడు."

"ఇక్కడేముందే? ఖాళీగా ఉంది."

"ఇప్పుడు ఆ బల్ల సొరుగు లాగు."

"ఇదేంటి?"

"అదే నీ దొంగ. ఇరుసు అరిగిపోయి గోల చేస్తుంటే సోమవారమే పీకేశాను. కొత్తది తెప్పించుకునేదాకా ఇది లేకుండానే నడుపుతున్నాను. అప్పట్నుంచీ యంత్రం పిల్లిలా పడి ఉంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నీ పనితనం ఎలా తెలుస్తుంది? కొండను తవ్వుతున్నావు కదా, ఎలుకైనా దొరుకుతుందేమో చూద్దామనుకున్నాను."

"సంబరపడు. నన్ను వెర్రిదాన్ని చేశానని వీధంతా చెప్పుకో."

"చెప్పుకుంటాను. రొదే లేనప్పుడు నీ కునుకు చెడగొట్టిందెవరు? చొక్కా చేతులు తిరగేయించిందెవరు? సగం ఇల్లు చాలక, ఈ గదిలోంచి కూడా నన్ను గెంటాలని కదూ ఈ నాటకం? తాటాకు చప్పుళ్ళకి బెదిరేదాన్ని కాదు."

"స్విచ్చి కట్టెయ్యి. నేను వెళ్తున్నాను."

"చెప్పి కదులు."

"ఆ మూత బిగించుకో, ఇంకా దుమ్ము పడుతుంది."

"మూత సంగతి నేను చూసుకుంటాను. రాత్రి నీకేం వినబడిందో చెప్పు."

"చెప్పాగా, రొద."

"ఏ రొదక్కా? ఫ్యాను నీ చేతిలోనే ఉంది."

"ఏమీ వినబడకే వచ్చాను. నీకు జ్వరమొచ్చినప్పుడూ ఇలాగే రొద ఆగిపోతే, పీడ వదిలిందని హాయిగా పడుకున్నానే."