సమాధుల దీవి దగ్గర రంగెల్ ఈత

చలికాలానికి నిలవపెట్టే మిరపకాయలు కాల్చే రోజులొచ్చాయంటే మా వీధిలో రోజుకో ఇంటి వంతు. ఆ రోజు రంగెల్ వాళ్ళది. పెరట్లో పొయ్యి మీంచి దించిన లావుపాటి ఎర్ర మిరపకాయలు గంపలకొద్దీ పొగలు కక్కుతున్నాయి, చుట్టూ చేరి తొక్క వలిచేవాళ్ళు పదిమంది ఉన్నారు, పదిమందీ పని వదిలి లేచిపోలేరు. రంగెల్‌కి అంతకంటే ఏం కావాలి? తన చేతిలో కత్తి పక్కనపెట్టి గొంతు సవరించుకున్నాడు.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. పెళ్ళయి ముప్పయ్యేళ్ళు నిండాయని మార్చిలో భార్యని వెనిస్ తీసుకెళ్ళాడట, మూడో రోజు సమాధుల దీవి చూద్దామని పడవెక్కారట, తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వెనకబడిపోతే పడవవాడు ఆగకుండా లాగించేశాడట, తను నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయి ఆవిణ్ణి చేరుకున్నాడట. ఏప్రిల్లో చెప్పినప్పుడు ఈ ఈత నూరు గజాలు. రెండు నెలలు తిరిగేసరికి అర మైలయింది. ఈసారి ఎక్కడ తేలుతుందోనని అందరూ చెవులు రిక్కించారు.

అతని భార్య దఫిన మాత్రం తలెత్తలేదు. సమాధుల దీవి అన్న మాట వినగానే ఆవిడ ఇంకో మిరపకాయ అందుకుంది. ఆ రేవు ఆవిడకి ఇంకా కళ్ళముందే ఉంది. ఎవరిదో తెలియని సమాధి దగ్గర చనిపోయిన తల్లి పేరున కొవ్వొత్తి వెలిగించి, నువ్వెళ్ళి చోటు పట్టమని మొగుణ్ణి ముందు పంపి, పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పడవ కదిలిపోయింది. పొగమంచులో రంగెల్ వీపు కనిపించింది, అంతే, తర్వాత అదీ లేదు. శ్మశానం కాపలావాడు లోపల్నించి గేటు గొళ్ళెం పెట్టుకున్నాడు. ముందు నీళ్ళు, వెనక చచ్చినవాళ్ళు, నోట్లో ఆ దేశపు మాట ఒక్కటీ లేదు. రెండు గంటలు అలా నిలబడింది. ఆ పొద్దునే హోటల్లో ఏదో చిన్న గొడవకి అతను, "నువ్వు లేకుండా ఒక్కణ్ణే వచ్చుంటే హాయిగా ఉండేది" అన్నాడు. రెండు గంటలూ ఆవిడకి ఆ మాటే వినపడింది.

అదే పడవలో తిరిగొచ్చాడతను. ఒంటిమీద చుక్క తడి లేదు. గట్టిగా పట్టుకున్నాడు గానీ ఎందుకు వెళ్ళిపోయాడో చెప్పలేదు, ఊరికి రాగానే ఈత మొదలెట్టాడు. ఆరు నెలలుగా దఫిన అడగలేదు. అడిగితే నిజం చెప్తాడేమోనని భయం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు రంగెల్, మోకాలి మీద చరిచి. ఆ పడవవాడు మామూలు పడవవాడు కాదట, మొగుళ్ళని ఎత్తుకుపోయి ఓడల్లో పనికి పెట్టే ముఠావాడట, మొహం చూడగానే తనకి తెలిసిపోయిందట, తెలిసినా భయపడలేదట, వాణ్ణి ఒక్క తోపు తోసి కోటుతో సహా దూకేశాడట, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే మీసం విరిగి చేతిలోకి వచ్చిందట. మరి ఇప్పుడున్న మీసం ఎవరిదని అడిగాడు పక్కింటి గాంచో. మళ్ళీ మొలిచిందన్నాడు రంగెల్, తడుముకోకుండా. అలా మూడు మైళ్ళు ఈదాడట, సగం దారిలో దూడంత చేప ఒకటి కాలు పట్టుకుందట. క్రితంసారి ఆ చేప పిల్లి అంతే ఉందని గాంచో గుర్తుచేస్తే, ఇన్నాళ్ళలో పెరగదా అన్నాడు. ఆ చేపకి చెంపదెబ్బ కొట్టి దాని మీదే ఎక్కి కూర్చున్నాడట, ఇంతలో పొగమంచులోంచి నలభై అంతస్తుల ఓడ మీదికి వచ్చేస్తే అరికాలు అడ్డం పెట్టి ఆపాడట, దీవిలో సమాధులు పగిలి చచ్చినవాళ్ళంతా లేచి వరసగా నిలబడి టోపీలు తీశారట.

నవ్వులు మొదలయ్యాయి. దఫిన నవ్వలేదు. ఇంతమందిలో ఎవరైనా ఇప్పుడు గుచ్చి అడిగితే, ఇతను ఏ మాట జారవిడుస్తాడో అని భయపడింది.

అడగనే అడిగింది స్లావ్కా. ఇటలీలో ఒక ముసలమ్మకి సేవ చేస్తూ తొమ్మిదేళ్ళు గడిపి వచ్చిన మనిషి, ఆవిడ ముందు ఇటలీ కోతలు సాగవు.

"అది సరే తమ్ముడూ, నీకు వాళ్ళ భాష రాదుగా. మా ఆవిడ ఇంకా రాలేదని పడవవాడికి ఎలా చెప్పావు?"

"దానికి భాషెందుకక్కా? పోదామా అన్నట్టు చెయ్యి ఊపి అడిగాడు వాడు. వద్దని తలూపాను."

"ఎలా ఊపావో చూపించు."

రంగెల్ గడ్డం పైకెత్తి దించాడు. మళ్ళీ ఎత్తి దించాడు. మా దేశంలో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు, తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని.

స్లావ్కా కత్తి కింద పెట్టేసింది. "ఒరే పిచ్చివాడా, మన దేశం దాటితే అది అవును. తింటావా అంటే అడ్డంగా తలూపి, నేను మొదటి నెలంతా కడుపు మాడ్చుకుని నేర్చుకున్నాను. వాడు పోదామా అంటే, నువ్వు పోదాం పోదాం అన్నావు."

పెరడంతా గొల్లున నవ్వింది. మూడు మైళ్ళ ఈతా, దూడంత చేపా, ఓడా అన్నీ ఆ ఒక్క మాటకి మునిగిపోయాయి. రంగెల్ మాత్రం గడ్డం ఇంకోసారి ఎత్తి దించి చూసుకున్నాడు. అతనికీ ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

"నేను ఊపేకొద్దీ వాడు వేగం పెంచాడు," అన్నాడు మెల్లగా. "ఎందుకు పెంచుతున్నాడో తెలియక హడలిపోయాను."

మరి ఈత సంగతేమిటని గాంచో వదల్లేదు. ఈత రాదన్నాడు రంగెల్. పడవలో కూలబడి ఏడ్చానన్నాడు. అవతలి రేవులో దిగాక పెళ్ళి ఉంగరం తీసి చూపించి, దీవి వైపు వేలు పెట్టి మళ్ళీ ఏడిస్తే, అప్పుడు గానీ వాడికి అర్థమై పడవ తిప్పలేదట. మగాడినై ఉండి భార్యని రేవులో వదిలేసి వచ్చానని ఏ మొహంతో చెప్పుకోనని తల దించుకున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. దఫిన తలెత్తి అతనివైపు చూసింది. ఆరు నెలలుగా గుండెల మీద మోసిన బరువు ఒక్కసారిగా దిగింది.

"అంటే, నువ్వు వద్దన్నావా?" అంది.

"మరేమంటాను?"

"ఎన్నిసార్లు?"

"మెడ పట్టేసేదాకా," అన్నాడు రంగెల్.