కొండ రైలుకు కాడి కట్టిన మునిరామయ్య

పలమనేరులో కుప్పయ్య టీ అంగడి ముందర గుణశేఖర్ ఫోను చూస్తా తల గోక్కుంటా ఉంటే మునిరామయ్యకు నోరు ఊరకుండలేదు. పోయినేడు పాల సంఘం వాళ్లు రైతుల్ని స్విట్జర్లాండుకు తీసుకుపోయినప్పుడు పెళ్లాం అలివేలమ్మతో కలిసి పోయొచ్చినోడాయన. అప్పట్నుంచి ఆ దేశం గురించి ఊళ్లో ఇంకొకరు నోరు తెరిస్తే ఆయనకు గిట్టదు.

"మామా, వచ్చే వారం మేమూ పోతుండాం. అన్ని రైళ్లకూ కలిపి పాసు తీసుకునేదా, యాడికాడ లోకల్ టిక్కెట్టు కొనుక్కునేదా?" అడిగినాడు గుణశేఖర్. పక్కనే అతని భార్య అమల. ఇద్దరికీ విమానమెక్కడం ఇదే మొదలు.

"పాసెందుకప్పా?" మునిరామయ్య పైగుడ్డ దులిపి భుజానేసుకున్నాడు. "ఆడ కౌంటర్లో ఉండే ఆయమ్మ ఇట్లనే, పాసు కొనండి సార్ అనింది. యాడ దిగాల్నో నాకు తెలుసు, లోకల్ టిక్కెట్టు కొట్టమ్మా అన్నాను. తెలుగులోనే అన్నాను! ఆయమ్మ నా మొగం సూసి గమ్మున కొట్టిచ్చింది."

"అంతేనా?" అన్నాడు కుప్పయ్య, టీ ఎత్తి పోస్తా.

ఆ మాట మునిరామయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

"అంతేనా అంటే ఎట్లప్పా, ఇంగ వినుకో! ఆ రైలు కొండెక్కతా ఉండాది, మన మొగిలి ఘాట్లు పది తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుండాది, సుట్టూ మంచు, సగం కొండకు పోయినాక ఇంజను దగ్గి దగ్గి నిలిచిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరు దిగి నేరుగా నా కాడికే వచ్చినాడు."

"నీ కాడికే ఎందుకు మామా?"

"ఆ రైలు పెట్టెలో మీసముండేది నాకొక్కడికే! దిగినాను. పక్క బీడులో ఆవులు మేస్తా ఉండాయి. హోయ్ అని ఒక్క కేక పెట్టినాను. ఆవుకు భాషేముందప్పా, ఈడైనా ఒకటే, ఆడైనా ఒకటే. మందకు మంద వచ్చి నిలబడినాయి. ఇదో, ఇట్లాంటి పైగుడ్డే చించి పలుపులు పేనినాను, రైలుకు కాడి కట్టినాను, అదిలించినాను. లాగినాయి సూడు! ఆ ఊపుకు రైలు కొండకొన కాడ కూడా ఆగలేదు, పట్టాలు దాటి మేఘం మీదికి ఎక్కేసింది. కిందికి సూస్తే..."

"తిరుచానూరు కనిపించిందా?" అనింది అమల నవ్వాపుకుంటా.

"కనిపించేదేంది, అమ్మవారి గుడి కాడ పూలమ్మేటోళ్లు నాకు చెయ్యూపినారు! అంతలో టిక్కెట్టు చూసేటోడు వచ్చి, మేఘం మీద పోవాలంటే పాసుండాల అన్నాడు. లేదు, ఏం జేసుకుంటావో జేసుకో అన్నాను. పలమనేరోడు పాసు చూపించేదేంది!"

పాల క్యాను పట్టుకొని అలివేలమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"అమలా, నేను చెప్పేది వినమ్మా," అనింది క్యాను దించి. "రోజుకో ఊరు తిరిగేటట్టైతే పాసు తీసుకోండి. ఒక్క ఊళ్లోనే ఉండేటట్టైతే టిక్కెట్టు చాలు. ఏది కొన్నా ఇద్దరూ ఒక్కసారిగా ఎక్కండి. ఈయప్ప పాసు చేత్తో పట్టుకొనే కింద నిలబడిపోయినాడు. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. నేనొక్కదాన్నే రైల్లో పోయినాను. తర్వాత స్టేషన్లో దిగి, ఎవరెవర్నో బతిమాలి, ఎదురు రైలెక్కి తిరిగొస్తే, అలివేలూ అని కేకలేస్తా ఏడస్తా ఉండాడు. ఆ పొద్దు నుంచి ఇంగ రైలే ఎక్కలేదు."

అంగడంతా గొల్లుమనింది. మునిరామయ్య మొగం కందిపోయింది. అద్దం అవతల పెళ్లాం అరచెయ్యి కదిలిపోతా ఉండటం మళ్లీ కళ్ల ముందరికి వచ్చింది. అయినా తల దించలేదు.

"నవ్వండప్పా, నవ్వండి! కంగారుపడి నేనూ ఇంకో రైలెక్కుంటే ఈయమ్మ తిరిగొచ్చి నన్ను యాడని ఎతికేది? అందుకే కదల్లేదు. స్టేషనోళ్లు పక్కకు జరగమంటే జరగలేదు. ఆ దేశపు మంత్రి వచ్చినా జరిగుండేవాణ్ణి కాదు!"

అలివేలమ్మ క్యాను మూత తీస్తా అనింది. "అది మటుకు నిజమేనప్పా. ఆ చలిలో, నేను వదిలిపోయిన కాడ్నే ఉండాడు."