కోటయ్య సీటు కింద దరువు

డప్పు కోటయ్యని మీరెరగరు, వాగవతల పల్లె ఆయనది. నలభై ఏళ్లు డప్పు కొట్టి కొట్టి చెవులు పోయినాయంట. చెవి పక్కన టపాసు పేల్చినా తిరిగి చూడడు. నరం చచ్చింది, మిషను పెట్టినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచి మనిషి మాట్టాడ్డం మానేశాడు, గోడకానుకుని కూచుంటాడు, అంతే. కొడుకు ఏసుపాదానికి అదే దిగులు. బాడుగ కారు తోల్తాడు వాడు, ఇంతుంటది కారు. ఒకరోజు ఏమైందంటే, ఊరేగింపులో డీజే ట్రాక్టరు పోతా ఉంటే ముసలాయన పోయి ఆ సౌండు పెట్టె మీద అరచెయ్యి పెట్టాడంట. పెట్టంగానే వేళ్లు ఆడినాయంట. కొడుకు చూశాడు. చెవులు పోతే పోయినాయి, మా నాయనకి ఒళ్లు వింటంది గదా అనుకున్నాడు.

ఇంక చూస్కో, పేటకి పోయి కార్లో పెట్టుకునే బేస్ డబ్బా బేరమాడాడు. యాడ పెట్టాల? డిక్కీ నిండా గ్యాసు సిలిండరాయె. షాపాయనేమో, స్టెప్నీ తీసేసి ఆ గుంటలో పెడతా, సౌండు బెమ్మాండంగా వస్తది అన్నాడు. వద్దన్నా, ముందు సీటు కింద పెట్టు, మా నాయన కూచునే సీటు, అన్నాడు వీడు. అక్కడ జానెడు గూడా లేదు గదయ్యా, పల్చటి డబ్బా పట్టాల, సౌండు బాగుండదు, కూచున్నోడి నడుం అదిరిపోద్ది. అదిరితే చాలన్నా, అన్నాడంట వీడు.

అట్టా బిగించుకొచ్చి, నాయన్ని కూచోబెట్టి, ఏం పెట్టాడనుకున్నారు? పాటలు గాదు. ఆయన కొట్టిన డప్పే పెట్టాడు. నాలుగేళ్ల కిందట ఎవరో పెద్దాయన పోతే శవం ముందర కోటయ్య కొట్టింది, వీడి ఫోన్లో ఉంది. ఉన్నదదొక్కటే. ముసలాయన నడుం నిటారైంది. కళ్లు మూసుకున్నాడు. కొడుక్కి సంతోషం పట్టలేక కళ్లెంట నీళ్లు. ఆయన కళ్లు తెరిచి ఆ నీళ్లు చూశాడు. నడుం కిందేమో చావు దరువు, పక్కనేమో కొడుకు ఏడుపు. ఏడాది నుంచి మాట్టాడని మనిషి నోరు తెరిచి, "ఎవర్రా? మీ అమ్మేనా?" అన్నాడంట. ఆమె నాల్రోజులుగా చెల్లెలి ఊళ్లో ఉంది మరి. కాదు నాయనా, బాగుందని వీడు అరిస్తే ఏం వినపడద్ది? చదవను రాదు. చేతులూపితే మొత్తుకుంటన్నాడనుకున్నాడు. చేసేదేముంది, డబ్బా ఆపేసి కారు ఆ ఊరికే తోలాడు. శవం ముందర డప్పు మధ్యలో ఆపగూడదు గదా, అదాయన పద్ధతి. అందుకని ముసలాయన డ్యాష్‌బోర్డు మీద ఆ దరువే కొట్టుకుంటా వచ్చాడంట, పదారు కిలోమీటర్లు, పెళ్లానికని.

తీరా చూస్తే ఆమె చాట పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. ఆయన దిగి ఆమె మొహం, చేతులు తడిమి చూశాడు. తర్వాత కొడుకు వంక తిరిగి, "మరైతే నాకేనా" అన్నాడంట. మామూలుగానే అన్నాడు. కాదని అందరూ ఎంత తలకాయలూపినా నమ్మలా. పోయి ఆ సీట్లోనే కూచుని, ఇంక పెట్టరా అన్నాడంట.

నాలుగో నెలలో పోయాడనుకో. నేనే చంపుకున్నానని కొడుకు ఇప్పటికీ కుమిలిపోతాడు, పాపం. పెళ్లి దరువు పెడితే సరిపోయేది గదా అంటారు మీరు. నిజమే. కానీ ఆయన కొట్టిన పెళ్లిళ్లలో ఎవరన్నా ఆయన్ని ఫోన్లో తీశారా? అందరూ పెళ్లికొడుకునే తీసుకున్నారు.