చొక్కా కింద చొక్కా

కాదు నాన్నా, నువ్వే చెప్పు, చొక్కా మీద చొక్కా వేసుకుని ఎవరైనా పరుగుకొస్తారా? చలిగా ఉందంది. కొండ మీద చలి నిజమే కదా అనుకున్నా. బుద్ధుండక్కర్లా నాకు!

ఉండు, ముందు నీ గ్లాసులో పోస్తా. బ్రాందీయే, నువ్వు తాగే రకమే. ఆకులో పంది కూర వేశాను, కడంబుట్టు ఉండలు పెట్టాను. పోయినవాళ్ళకి పెట్టకుండా మనం తినకూడదుగా. కానీ ఈ పూట నీ గూటి ముందుకి దణ్ణం పెట్టుకోడానికి రాలేదు. నీ కూతురి మీద ఫిర్యాదుకొచ్చాను. కాళ్ళు పీకేస్తున్నాయి, ఇలా కూలబడే చెప్తాలే.

పూవి. నీ ముద్దుల పూవి. కొంప ముంచింది!

నీకు తెలియందేముంది, ఏటా ఈ కొండ పరుగులో ఇంటికి ఇద్దరు పరిగెత్తాలి. కొండ మీద తుపాకీ పేలితే మొదలు, కింద ఏటి ఒడ్డున ముగింపు. ఇద్దరూ ఒకే పట్టు నడికట్టు చెరో కొసా పట్టుకుని గీత దాటాలి, నువ్వూ చిన్నాన్నా దాటినట్టు. పోయినేడు నువ్వు పోయావని మనిల్లు పందెంలోకి దిగలేదు. వరసగా రెండేళ్ళు దిగని ఇంటిని ఇక పేరు పెట్టి పిలవరు. అదీ నా బెంగ. మనింట్లో పరిగెత్తే కాళ్ళు ఇంకెవరికున్నాయి? నాకూ, దానికీ. మన కొడగు కొడవల్లో పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటి తరఫునైనా పరిగెత్తొచ్చు, అత్తింటి తరఫునైనా పరిగెత్తొచ్చు. "నీకెందుకన్నా దిగులు, నేను లేనూ?" అంది. నమ్మాను.

వానల్లో కాఫీ తోటల వెంట తిప్పాను నాన్నా దాన్ని! జలగలు పీక్కుంటూ తిరిగాం! ఏ మలుపులో తగ్గాలో, ఎక్కడ నీళ్ళు ముట్టకూడదో, నాకొచ్చిందంతా దానికి పోశాను.

పొద్దున బస్సులో నా పక్కనే కూర్చుంది. మనింటి పచ్చ చొక్కా వేసుకుని. నా భుజం మీద తల పెట్టి ఓ కునుకు కూడా తీసింది. ఎంత గుండెలు తీసిన బంటో చూడు! కొండ మీద దిగాం, బస్సు వెళ్ళిపోయింది. ఇంటి పేర్లు పిలుస్తున్నారు. "బేలిరండ!" అనగానే చెయ్యెత్తాను. పక్కకి చూద్దును కదా, ఇది చొక్కా విప్పుతోంది. కింద నీలం చొక్కా. మందెయండ వాళ్ళది. దాని అత్తింటిది!

"ఏంటే ఇది?" అన్నా.

"మా మరిదికి కాలు బెణికిందన్నా."

"అంత పెద్ద ఇంట్లో ఇంకో మనిషే దొరకలేదా?"

తలొంచుకుంది. "వాళ్ళకి గెలవాలనుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అక్కడ నన్ను బేలిరండ పిల్ల అనే అంటారు. ఒక్కసారి వాళ్ళ మనిషిననిపించుకోవాలి."

మరి ముందే చెప్పి ఏడవొచ్చుగా? "చెప్తే నువ్వు ఊరుకుంటావా?" అంది. అదీ జవాబు! బావ కరుంబయ్య ఏం చేస్తున్నాడంటావా? బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టిందే మళ్ళీ కట్టుకుంటున్నాడు, నా మొహం చూడలేక.

ఆ పచ్చ చొక్కా మడతపెట్టి నా చేతిలో పెట్టింది నాన్నా. మడతపెట్టి మరీ!

మొదలైన చోటే ముగిసే పరుగైతే ఎవడో ఒకడికి అది తొడిగి నిలబెట్టేవాణ్ణి. మనవాళ్ళంతా డోళ్ళు పట్టుకుని ఏటి ఒడ్డునాయె. పైన నేనొక్కణ్ణే. "ఒక్కడివి పరిగెత్తితే లెక్కలోకి రాదు మాచయ్యా, మేమేం చెయ్యలేం" అన్నారు పెద్దలు. మరెందుకు పరిగెత్తావంటావా? ఇంటికి రావాలన్నా అదే దారి కదా! బస్సు పోయిందిగా! ఆ చొక్కా చేత్తో పట్టుకుని కొండంతా దిగాను, పిచ్చివాడిలా.

గెలిచారులే. మందెయండ ఇంటికే మొదటి స్థానం. బావ నడికట్టు ఎత్తి ఊపుతుంటే, దాని అత్తగారు దీన్ని కావలించుకుని "మా పిల్ల, మా పిల్ల" అని ఒకటే మురిసిపోవడం. నేను గీత దాటితే మనవాళ్ళు డోలు మీద కర్ర ఎత్తి, కొట్టాలో వద్దో తెలీక అలాగే ఉండిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

అమ్మ దగ్గరికెళ్ళి మొత్తుకున్నా. ఏమందో తెలుసా? "పోన్లేరా, గెలిచింది నా కూతురేగా!" వచ్చే ఏడు మనింటి పేరు పిలవరమ్మా అంటే, "పిలవకపోతే మనం లేకుండా పోతామా? కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువుగాని" అంది. ఆ పిలుపు కోసం నువ్వు జ్వరంతో కూడా కొండెక్కేవాడివి. ఆవిడకది అన్నం ముందు దిగదుడుపే.

అమ్మకి చెప్పని మాట ఒకటుంది. నీకైతే చెప్తా. ఇంకాస్త పోసుకోనీ.

చివర్లో వంతెనకి ముందు ఎత్తు వస్తుంది చూడు, అక్కడ వీళ్ళు రెండోవాళ్ళు. ముందున్న జంట అంత దూరమేం లేదు, కానీ పూవి పనైపోయింది. నేను వెనకాలే ఉన్నా. అలిసిపోతే భుజాలు చెవుల దాకా ఎత్తేస్తుంది, చిన్నప్పట్నుంచీ అదే రోగం. బావ చెయ్యి పట్టి లాగుతున్నాడు. ఆయనకేం తెలుసు? బాగా అయింది, చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అనుకున్నా. ఓడిపోతుంటే కళ్ళారా చూద్దామనే అడుగు పెంచాను కూడా.

మరి ఆ అరుపు నా నోట్లోంచి ఎలా ఊడిపడింది నాన్నా?

"పూవీ! భుజాలు దించు! అడుగు చిన్నది చెయ్యవే!" అని గొంతు చించుకున్నాను. వెనక్కయినా చూడలేదు మహాతల్లి. భుజాలు దించింది. అడుగు చిన్నది చేసింది. వంతెన మీద ఆ ముందువాళ్ళని దాటేసింది.

దాన్ని ఓడించడానికి నేనేం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. అదొక్కటీ చేతకాలేదు నాన్నా నాకు.